గైగె అనే స్త్రీలింగం

జర్మనీలోని మా రాయిట్లింగెన్‌లో మనిషి చర్చికి వెళ్లకపోయినా సర్దుకుంటారు గానీ, వంతు వచ్చినప్పుడు మెట్లు ఊడవకపోతే ఊరుకోరు. తలుపుకి 'ఊడ్పు వారం' పలక వేలాడిందంటే శనివారానికి మూడంతస్తుల మెట్లూ మెరవాల్సిందే. కింది వాటావిడ ఫ్రౌ ఐజలేకి నేను పెట్టిన పేరు మెట్ల మేజిస్ట్రేటు. మూలలు వేలితో తడిమి మరీ చూస్తుంది.

ఈసారి పలక మా తలుపెక్కగానే నాకో ఉపాయం తట్టింది.

"హెడ్డీ, ఈ వారం నన్నొదిలెయ్. సంగీత సంఘంలో ఫిడేలు మీద ప్రసంగించమన్నారు. ఫిడేలుకి మనం వాడే గైగె అనే మాట ఎక్కణ్ణించి పుట్టిందో, దాని వ్యాకరణమేమిటో తవ్వి తియ్యాలి."

"మీరా! పెళ్లినాడు రెండు ముక్కలు మాట్లాడమంటే తుమ్మారు."

"అప్పుడు జలుబు."

"సరే, చదువుకోండి. మెట్లు నేను చూసుకుంటాలెండి."

అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానపడాలి. ముప్ఫయ్యేళ్లు కాపురం చేసిన వెధవని, పడలేదు. లావుపాటి నిఘంటువు తలకింద పెట్టుకుని పగలంతా గాఢంగా పరిశోధించాను. సాయంత్రాలు గ్రంథాలయం పేరుతో బీరు కొట్టుకి వెళ్లాను.

శనివారం మధ్యాహ్నం కళ్లు తెరిచేసరికి ఇంటినిండా జనం. ప్లమ్ కేకుతో మెట్ల మేజిస్ట్రేటు, ముందు కుర్చీలో సంఘం అధ్యక్షుడు ష్టైమ్‌లే.

"ఊడుస్తూ అందరికీ చెప్పి, మీ ప్రసంగం వినడానికి ఇవాళ మనింటికే రమ్మన్నానండీ. ప్రసంగం సంగతి తనకే తెలియదని అధ్యక్షులవారు ఆశ్చర్యపోయారు, పాపం" అంది హెడ్డీ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి నిలబడి "గైగె..." అన్నాను. ఆ తరువాత తుమ్మాను.

"ఆయనకి ఒంట్లో బాగాలేదు, నేను చెబుతా" అంటూ హెడ్డీ లేచింది. సాయంత్రాలు నేను బీరు కొట్టులో ఉంటే నిఘంటువు ఆవిడ చేతికి ఖాళీగా దొరికేదని అప్పుడు వెలిగింది నాకు.

"వెయ్యేళ్ల కిందట దీన్ని గీగ అనేవాళ్లు. అటూ ఇటూ ఊగడంలోంచి వచ్చిందంటారు కొందరు. నిజాయితీపరులు తెలియదంటారు. మాట స్త్రీలింగం. ఏకవచనంలో ఏ విభక్తిలో పెట్టినా తను మారదు. ముందు నడిచే 'డీ' అనే బుల్లి మాటే అవసరాన్ని బట్టి 'డేర్' అంటూ వేషాలు మారుస్తుంది."

అందరూ నావైపెందుకు చూశారో తెలియదు.

చప్పట్లు ఆగాక అధ్యక్షుడు చేతులు కట్టుకుని, "అమ్మా, ఇక ప్రతి శనివారం ఒక్కో వాయిద్యం గురించి మీరే చెప్పాలి" అన్నాడు.

"శనివారాలా? మరి మెట్లో?" అంది హెడ్డీ.

"దానికేం వదినా, అన్నయ్యగారు ఖాళీయేగా" అంది మెట్ల మేజిస్ట్రేటు కేకు తుంచుకుంటూ. "దగ్గరుండి నేర్పిస్తా. చెయ్యి తిరిగేదాకా నా వంతు కూడా ఆయనకే ఇచ్చేస్తాను."