అంచుల దాకా అభివృద్ధి

"దాహం అనే మాటనే ఈ జిల్లా నుంచి తరిమేస్తాం!" అని దాహ నిర్మూలన శాఖ మంత్రివర్యులు జమ్మలమడుగు సమీక్షలో ప్రకటించారు. ప్రకటించేసరికి గొంతెండి, బాటిల్ నీళ్లు గటగటా తాగారు. పత్రిక తరఫున మొదటి వరుసలో కూర్చున్న నేను పులకించిపోయాను.

గోడకు పెద్ద టీవీ పెట్టి, దానికి శాఖ ఇంజినీరు జగదీశ్ తన ల్యాప్‌టాప్ తగిలించారు. నీళ్ల పైపులు వేయాల్సిన వీధుల పట్టిక వెలిగింది. తెర మీద కనిపించిన వీధికి అక్కడికక్కడే మంజూరు. తెరచాటు వ్యవహారాలు లేవు, అంతా తెర మీదే! పది నిమిషాల్లో పదకొండు వీధులు మంజూరైపోయాయి.

చిక్కల్లా ఒక్కటే. ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా టీవీలోకి రాలేదు. చుట్టూ అంచులు తెగిపోయాయి. ఆ అంచుల్లోనే, ఫ్లెక్సీల ఆచారం ప్రకారం, నాయకుల గుండ్రటి ఫొటోలున్నాయి.

"ఏందప్పా ఇది? నా చెవి యాడికి పాయ?" అని ప్రొద్దుటూరు నాయకుడు బాబ్జీ లేచారు.

"నీకు చెవే పాయ మామా. నాకు తలకాయే లేదు!" అని పులివెందుల నాయకుడు వినోద్ కుమార్ కేకపెట్టారు.

"దాంతో నీకు పనేముందిలే" అన్నారు బాబ్జీ.

వెనక బెంచీలోంచి ఖమర్‌బీ అనే ఆమె అర్జీ ఊపింది. "సార్, మాది పెన్నగట్టు వీధి, పట్టికలో పన్నెండో నంబరు. తెరలో పదకొండే కనపడతాండాయి. రెండేండ్లుగా ట్యాంకర్ ఎనక పరిగెత్తి మోకాళ్లరిగిపాయ."

"కనపడనిది మంజూరు చేస్తే అవినీతి అయితాదమ్మా" అన్నారు మంత్రిగారు ఖరాఖండిగా. "ముందు మావాళ్ల చెవుల సంగతి చూడనీ."

జగదీశ్ రిజల్యూషన్ మార్చారు. నాయకుల ముఖాలు గుమ్మడికాయలయ్యాయి. మళ్లీ మార్చారు. అక్షరాలు చీమలయ్యాయి. పట్టు వదలని బాబ్జీ ప్రొద్దుటూరు నుంచి ఆటోలో ఇంకా పెద్ద టీవీ తెప్పించారు. చెవి ఇంకా పెద్దగా తెగింది. మంత్రిగారు నాయకులిద్దరితో చెవుల పరిరక్షణ కమిటీ వేశారు. కమిటీ సభ్యులు ఏకగ్రీవంగా ఒకరినొకరు అనుమానించుకున్నారు.

"ఇంగ సాలు" అంటూ ఖమర్‌బీ ముందుకొచ్చింది. "మా బిడ్డ సుమయ్యా పాఠాల కోసం కంప్యూటర్ తగిలిస్తే మా ఇంట్లో టీవీ గూడా ఇట్లే కోస్తాండె. తప్పు కంప్యూటర్‌ది కాదు సార్, టీవీది. ఆ రిమోట్ ఇట్లియ్యండి."

జగదీశ్ ఎందుకో రిమోట్‌ను వీపు వెనక దాచుకున్నారు. "ఇట్లే బాగుంది కదా సార్..."

బాబ్జీ దాన్ని లాక్కొని ఆమె చేతికిచ్చారు. చెవి ఆయనది కదా!

సెట్టింగ్స్. పిక్చర్ సైజు. స్క్రీన్ ఫిట్. మూడే మూడు నొక్కులు. బాబ్జీకి చెవి మొలిచింది, వినోద్ కుమార్‌కు తలకాయ లేచింది. హాలంతా చప్పట్లు, ఈలలు! కింద పన్నెండో వరుసలో పెన్నగట్టు వీధి తళుక్కుమంది.

కుడి అంచున ఇంకో నిలువు వరుస కూడా బయటపడింది. పన్నెండు వీధులకూ ఎదురుగా ఒకే మాట: 'పని పూర్తయింది. పోయిన ఏడాది గౌరవ మంత్రిగారే స్వయంగా ప్రారంభించారు.'

ఈలలు ఆగాయి. మంత్రిగారు సాంతం చదివి, బాటిల్ ఖాళీ చేశారు.

"జగదీశ్, మొదట ఉన్నట్లే పెట్టు."

"మా తలకాయలు సార్?" అన్నారు వినోద్ కుమార్.

"పోతే పోనీలే అప్పా."

"రిమోట్ నా దగ్గరుంది సార్" అంది ఖమర్‌బీ, దాన్ని సంచిలో వేసుకుంటూ. "మా వీధిలో నీళ్లొచ్చినాక వచ్చి తీసుకపోండి."

వెలుగుతున్న ఆ తెరను నేను ఫొటో తీసి పత్రికకు పంపాను. మర్నాడు మొదటి పేజీలోనే వేశారు. పదకొండు వీధులు మెరిసిపోతున్నాయి. జాగా చాలక అంచులు కొద్దిగా కత్తిరించామని డెస్కువాళ్లు చెప్పారు.

కుడి అంచు వరుసతో పాటు బాబ్జీ చెవి కూడా మళ్లీ పోయింది. ఆయన మాత్రం ఉదయాన్నే ఫోన్ చేసి, ఫొటో శానా బాగొచ్చిందన్నారు.