ఇంటర్వెల్ దాకా చూసిన సినిమా

ఆ ఆదివారం యలమందయ్య వేసుకున్న పథకం చిన్నది. పొద్దున్నే కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తిరగేయాలి, మధ్యాహ్నం కోడికూర తిని పడుకోవాలి. గుంటూరు నుంచి సెలవుకు వచ్చిన కూతురు తేజశ్రీ ఆ పథకాన్ని టిఫిను దగ్గరే చెడగొట్టింది.

"నాన్నా, మీ సినిమా దొరికింది! యూట్యూబులో ఎవరో పెట్టారు. ఇవాళ మీ పెళ్ళిరోజు కదా, మధ్యాహ్నం టీవీలో చూద్దాం."

"ఏ సినిమా?" అన్నాడాయన. ఇడ్లీ ముక్క చేతిలోనే ఆగిపోయింది.

"ఏ సినిమా అంటావేంటి? పెళ్ళైన కొత్తలో అమ్మా నువ్వూ చూసింది. నా పేరు అందులోదేగా!"

ఆ ఇంట్లో ఆ సినిమా కథ తెలియనివాళ్ళు లేరు. ఊరి చివర, ఇప్పుడు మిర్చి గోడౌనుగా మారిన టాకీసులో ఆడింది. నేల టికెట్టుకు ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, మధ్యలో నడుమెత్తు గోడ. కథానాయిక తేజశ్రీ కొత్త కోడలు. చివర్లో ఆమె విడిపోయిన అన్నదమ్ములను కలిపి మామగారి కాళ్ళకు దండం పెడుతుందనీ, అప్పుడు గోడ అవతల అత్తగారి పక్కన కూర్చున్న సుబ్బరావమ్మ వెక్కివెక్కి ఏడ్చిందనీ యలమందయ్య ప్రతి పెళ్ళిరోజుకీ చెబుతాడు. సుబ్బరావమ్మ తల ఊపుతుంది. ఆ కోడలి గుణం రావాలనే కూతురికి ఆ పేరు పెట్టుకున్నారు.

ఇబ్బందల్లా ఒకటే. యలమందయ్య ఆ సినిమాను ఇంటర్వెల్ దాకానే చూశాడు. సోడా తాగుదామని బయటికొస్తే ఆకాశం నల్లగా ఉంది. కల్లంలో కాయలున్నాయి. సైకిలెక్కి వెళ్ళి, పట్టా కప్పి, ఆట వదిలే వేళకు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. కొత్త పెళ్ళాన్ని హాల్లో వదిలేసి మిరపకాయల దగ్గరికి పరిగెత్తిన మొగుడని జన్మంతా అనిపించుకోవడం ఇష్టంలేక, మిగతా సగం సొంతంగా అల్లేశాడు. సుబ్బరావమ్మ తల ఊపితే, మొగుడి మాట కాదనలేక ఊపుతోందనుకున్నాడు.

"ఇవాళెక్కడ కుదురుద్ది? వానొచ్చేట్టుంది," అన్నాడు.

సుబ్బరావమ్మ గుమ్మంలోకి వెళ్ళి చూసింది. ఎండ మండిపోతోంది. "వానెక్కడండీ? మబ్బుతునక కూడా లేదు."

"నీకేం తెలుసు? గాలి తిరిగింది. సాయంత్రానికి కుమ్మేసుద్ది."

వాన సంగతి యలమందయ్య చెబితే ఊళ్ళో నమ్ముతారు. సుబ్బరావమ్మ గోడ మీంచి పక్కింటి కోటిరత్నానికి చెప్పింది. కోటిరత్నం ఫోనెత్తింది. కాసేపటికి వీధి వీధంతా కల్లాలకు పరిగెత్తి, ఆ ఎండలో కాయలు పోగులు చేసి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టింది. "మన కాయలు నేను చూసుకుంటాలే," అని యలమందయ్య కూడా వెళ్ళాడు. వాన రాదని తెలిసిన మనిషి ఊళ్ళో ఆయనొక్కడే కాబట్టి, ఒక్క కాయనూ కదపకుండా చెట్టుకింద కూర్చుని తిరిగొచ్చాడు.

కాయలు కప్పేసిన జనానికి ఇక పనేముంది? మధ్యాహ్నానికి అందరూ సినిమాకు వచ్చారు. కుర్చీలు చాలక చాపలు పరిచారు. పాత అలవాటుకొద్దీ ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు సర్దుకున్నారు. యలమందయ్య నెమ్మదిగా దొడ్డిలోకి వెళ్ళి ఫ్యూజు పీకేశాడు.

"అయ్యయ్యో, కరెంటు పోయిందే! ఇంక రాత్రిదాకా రాదు," అన్నాడు, మొహంలో సంతోషం కనపడనీయకుండా.

"రాకపోతే మానె బాబాయ్," అన్నాడు వెనక వీధి నజీర్. "పెళ్ళిరోజు పూట నీ సినిమా ఆగిపోద్దా, నేనుండగా?"

నజీర్ తన ఇంట్లోని ఇన్వర్టరును బండిమీద పెట్టుకుని తెచ్చాడు. వస్తూ వస్తూ కనిపించిన వాళ్ళందర్నీ పిలిచాడు. జనం రెట్టింపయ్యారు.

మొదటి సగం బ్రహ్మాండంగా నడిచింది. సినిమాలో తేజశ్రీ ముగ్గులు వేసింది, అత్తకు కాళ్ళు పట్టింది. "అచ్చం మన తేజమ్మే!" అంది కోటిరత్నం. ఇంటర్వెల్ అని అక్షరాలు పడ్డాయి. యలమందయ్య గుమ్మం వైపు జరిగి కూర్చున్నాడు.

ఇంటర్వెల్ తర్వాత తేజశ్రీ తలుపు గడియ వేసి, కొంగుముడి విప్పి, పొట్లంలోని పొడిని పాలల్లో కలిపింది. ముందు మామ పోయాడు. ఒక పాట అయ్యాక అత్త పోయింది. ఆస్తి కోసమట.

సరిగ్గా అప్పుడే ఈ తేజశ్రీ టీ గ్లాసుల పళ్ళెంతో వంటింట్లోంచి వచ్చింది. ఎవరూ చెయ్యి చాపలేదు.

"ఇప్పుడే తాగొచ్చానమ్మా," అన్నాడు నజీర్.

సుబ్బరావమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, మావగారి కాళ్ళకి దండం పెడుతుందన్నారు?"

"నన్నడుగుతావేంటి? గోడవతల ఏడ్చింది నువ్వేగా!"

"ఏడ్చానని మీరంటే తలూపాను. అసలు నేనక్కడుంటేగా! ఇంటర్వెల్లో మీ అమ్మ మబ్బు చూసి, కాయలు తడుస్తాయే అని నన్ను వెనక గేటులోంచి లాక్కుపోయింది, ఆట వదిలేవేళకు మళ్ళీ అందులోంచే తీసుకొచ్చింది. మీరు ముచ్చటపడి తీసుకెళ్ళిన సినిమా, మధ్యలో లేచిపోయానంటే బాధపడతారని నోరెత్తలా."

"కల్లానికెళ్ళారా?"

"వెళ్తే ఏముంది? అప్పటికే ఎవరో పట్టా కప్పేసి పోయారు. దేవుడే వచ్చాడని మీ అమ్మ పోయేదాకా కల్లం మూల దీపం పెట్టింది."

"ఆ దేవుణ్ణి నేనేనే," అన్నాడు యలమందయ్య.

తేజశ్రీ పళ్ళెం కింద పెట్టింది. "అంటే ఇద్దరూ సగం సినిమా చూసి నాకు పేరు పెట్టారా?"

అంతలో పైన ఉరిమింది. రేకుల మీద చినుకులు టపటపమన్నాయి.

"చూశారా, బాబాయ్ మాటంటే మాటే!" అన్నాడు నజీర్. ఎవరూ లేవలేదు. అందరి కాయలూ పట్టాల కింద భద్రంగా ఉన్నాయి.

"మనవి కప్పారుగా?" అంది సుబ్బరావమ్మ. ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆమె ఇంకేమీ అడగకుండా కొంగు నడుముకు దోపింది. ఈసారి ఇద్దరూ ఒకే గేటులోంచి పరిగెత్తారు.

కాయలు సగం దక్కాయి. ఇద్దరూ తడిసి ముద్దై తిరిగొచ్చేసరికి సినిమా అయిపోయింది, జనం వెళ్ళిపోయారు. తేజశ్రీ మళ్ళీ వేడిగా టీ పెట్టి తెచ్చింది.

"చివరికి ఏమైందే?" అని అడిగాడు యలమందయ్య.

"ఏముంది నాన్నా, మావగారి కాళ్ళకి దండం పెట్టింది."

యలమందయ్య తల ఊపి, టీ గ్లాసును ఒకసారి వాసన చూసి, తాగాడు.