మాస్టారి కుడికాలు

డ్రైవింగు మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. స్కూటరు తుడవడం, కాఫీ తాగడం, భార్యను లైసెన్సు పరీక్షకు తీసుకెళ్ళడం. ఊళ్ళో సగంమందికి కారు నేర్పిన మనిషి, సొంత భార్య పరీక్షను మాత్రం "ఇంకా నీ చెయ్యి కుదరలేదే" అంటూ వాయిదా వేయిస్తూ వచ్చారు. ఈసారి ఆమె ముందురోజే తేల్చి చెప్పేసింది.

"రేపు కూడా తప్పిందంటే వీధి చివర కొత్త స్కూల్లో చేరిపోతాను. అక్కడి మాస్టారు తిట్టరట."

ఆ మాటకు మాస్టారికి రాత్రంతా నిద్ర లేదు.

స్కూటరు స్టాండు వేసి ఉంది. మాస్టారు దాని మీద కూర్చుని అద్దం తుడుస్తూ, అందులో కనబడ్డ మీసాన్ని సవరించుకుంటూ కాస్త పక్కకు ఒరిగారు. పనిలో పనిగా స్కూటరూ ఒరిగింది. తల పూలకుండీలో, కాళ్ళు గేటు మీద.

భార్య పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏమైందండీ?"

స్కూలు బోర్డు మీద "ప్రమాదమన్నది ఎరుగని మాస్టారు" అని రాయించుకున్న మనిషి, నిలబెట్టిన బండి మీంచి పడ్డానని ఏ మొహం పెట్టుకుని చెబుతారు?

"లారీ" అన్నారు.

"మన గుమ్మంలోకి లారీయా?"

"రాసుకుంటూ పోయింది."

నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. ఆమె ఆయన్ని నేర్పే కారులో కూర్చోబెట్టి తనే స్టీరింగు పట్టుకుంది. ఆ కారులో మాస్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. దారి పొడుగునా ఆయన దాన్ని తొక్కుతూనే ఉన్నారు. కారు కప్పలా గెంతుతూ ఆసుపత్రి చేరింది.

లారీ అన్న మాట చెవిన పడగానే డాక్టరు మొహం మారిపోయింది. మెడకు పట్టీ బిగించి, స్ట్రెచర్ ఎక్కించి, ఎక్స్‌రేకి పంపించారు. స్ట్రెచర్ తోసే మనిషి మహా హుషారైనవాడు. మలుపులో కూడా వేగం తగ్గించలేదు. మాస్టారి కుడికాలు ఠక్కున గాలిని తొక్కింది. ఎదురుగా మందుల బండి వచ్చింది. మళ్ళీ తొక్కింది.

"కళ్ళు నెత్తికెక్కాయా? చూసి తోలవయ్యా!" అని అరిచారు కూడా.

డాక్టరు ఆ కాలినే చూస్తూ పక్కన నడిచారు. ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. కాలి సంగతే అంతు చిక్కలేదు.

"ఇలా కొట్టుకోవడం ఎప్పట్నుంచమ్మా?" అని భార్యనడిగారు.

"నేను కాపురానికి వచ్చినప్పట్నుంచీ చూస్తున్నానండీ. పక్కన ఎవరు నడిపినా వస్తుంది. నేను నడిపితే మరీ ఎక్కువ."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా మామగారికీ ఉండేది. ఆయన బస్సు డ్రైవరు లెండి."

"వంశపారంపర్యం" అని డాక్టరు గంభీరంగా తలాడించారు. "రేపటిదాకా మా కళ్ళ ముందే ఉండాలి."

ఆమె గోడ గడియారం వంక చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. "నాకు లైసెన్సు రాకుండా చెయ్యాలంటే మీరు లారీ కిందైనా పడతారు" అంది మెల్లగా.

ఆ మాట బొప్పి కన్నా ఎక్కువ నొప్పెట్టింది. మాస్టారు పరువును పక్కన పెట్టి లేచి కూర్చున్నారు.

"డాక్టరుగారూ, లారీ లేదు, గీరీ లేదు. నిలబెట్టిన స్కూటరు మీంచి పడ్డాను. నన్ను పంపించెయ్యండి బాబూ!"

డాక్టరు ఆమెను పక్కకు పిలిచారు. "చూశారామ్మా, మాట మారుస్తున్నారు. జరిగింది కూడా గుర్తులేదు. రేపు కాదు, ఎల్లుండిదాకా ఉంచుదాం."

అబద్ధానికి ఒక రోజు పడితే, నిజానికి రెండు రోజులు పడ్డాయి.

ఆమె మాత్రం నమ్మింది. మొగుడి జుట్టులో పూలకుండీ మట్టి ఇంకా అలాగే ఉంది మరి. వచ్చే నవ్వును పెదవి కొరికి ఆపుకుంది.

"ఒక పని చేద్దామండీ. కారు నేను నడుపుతాను, ఈయన పక్కన కూర్చుంటారు. మీరు వెనక కూర్చుని ఆ కాలినే చూడండి. అది కదిలిందా, మీ ఇష్టమొచ్చినన్నాళ్ళు ఉంచుకోండి."

డాక్టరుకూ కుతూహలం పుట్టింది. ఆవరణ చుట్టూ ఒక్క చుట్టుకు సరేనన్నారు.

మాస్టారు పక్క సీట్లో, డాక్టరు వెనక సీట్లో సర్దుకున్నారు. కాలు కదిలితే ఆమె పరీక్ష పోతుంది, ఆ వెంటనే శిష్యురాలూ పోతుంది. చూస్తే అరికాలి కిందే బ్రేకు రారమ్మంటోంది. ఆమె గేరు మార్చింది. వెన్నలో కత్తి దిగినట్టు పడింది గేరు. తిట్టడానికి ఏమీ దొరక్క మాస్టారు కాస్త కంగారుపడ్డారు. అంతలో గేటులోంచి అంబులెన్సు దూసుకొచ్చింది.

ఠప్పుమని ఒక కాలు నేలను తన్నింది.

కారు అప్పటికే ఆగిపోయింది. ఆపింది ఆమె. మాస్టారు భయంభయంగా కిందికి చూసుకున్నారు. తన కాలు ఎక్కడిదక్కడే ఉంది. మెడ తిరక్కపోవడంతో అద్దంలోంచి వెనక్కి చూశారు. ఆమె కూడా చూసింది. డాక్టరుగారి కుడి బూటు ముందు సీటు కింద ఇరుక్కుని ఉంది.

"మీ నాన్నగారు కూడా బస్సు డ్రైవరాండీ?" అంది ఆమె.

డాక్టరు బూటు ఊడలాక్కుని మాస్టారిని వదిలేశారు, నెల్లాళ్ళు బండి జోలికి పోవద్దన్న షరతు మీద. పరీక్ష వేళకు ఇద్దరూ చేరుకున్నారు. ఆమె మొదటిసారికే నెగ్గింది. ఇంటికి కూడా తనే నడుపుకుంటూ వచ్చింది. పక్కన మాస్టారు రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని కూర్చున్నారు.

డాక్టరుగారు మాత్రం ఆ సాయంత్రమే నరాల వైద్యుడికి తన కాలు చూపించుకోవడానికి వెళ్ళారట, అదీ కారెక్కకుండా, నడిచి.