టిక్ తర్వాత అయిదు

హైస్కూలు తెరవడానికి ఇంకా వారం ఉంది. ఆ ఆదివారం పొద్దున తండ్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఒక గంట బిగించాలి, అది పది నిమిషాలకోసారి మోగాలి, మధ్యాహ్నానికల్లా కూతురికి ఆ చప్పుడు అలవాటు కావాలి.

కూతురికి పదమూడేళ్లు. ఆటిజం ఉంది. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. హఠాత్తుగా వచ్చే చప్పుడు ఆమెకు చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. ఇన్నాళ్లూ చదివిన చిన్నబడిలో గంట లేదు, పంతులమ్మ చప్పట్లు కొట్టేది. హైస్కూల్లో రోజుకు ఎనిమిదిసార్లు గంట మోగుతుంది. చూడ్డానికి వెళ్లిన రోజు మొదటిసారి మోగగానే పిచ్చుక గేటు దాటి పరుగెత్తింది. అయినా ఆ బడే కావాలంది. అక్కడ మైక్రోస్కోపు ఉంది. "ఉల్లిపొర చూడాలి," అని రోజూ గుర్తు చేస్తోంది.

తండ్రి మిల్లులో ఎలక్ట్రీషియన్. మూలపడిన షిఫ్టు గంటను ఇనప పెట్టెతో సహా తెచ్చి హాల్లో బిగించాడు.

"కరెంటు పోయినా మోగుతుంది, లోపల బ్యాటరీ ఉంది," అన్నాడు గర్వంగా. "మధ్యలో ఎవరి మనసూ కరక్కుండా తాళం కూడా వేశా."

మొదటిసారి మోగగానే నాయనమ్మ చేతిలోని టీ గోడెక్కింది. రెండోసారి పది నిమిషాలకు కాదు, నాలుగు నిమిషాలకే మోగింది; ఇక అక్కణ్ణుంచి దాని ఇష్టం. కిందివాటా దర్జీ ఉలిక్కిపడి, కోటు చేతిని మోచేయి దాకా కత్తిరించేసి, ఆ ముక్క పట్టుకుని పైకొచ్చాడు. మూడోసారికి పైవాటా రిటైర్డ్ పోస్టుమాస్టరు ఇల్లు అంటుకుందనుకుని, పరుపు నెత్తిన పెట్టుకుని దిగొచ్చి గుమ్మంలో ఇరుక్కుపోయాడు.

"ముందు దాన్ని ఆపవయ్యా బాబూ!" అన్నాడు పరుపు కిందనుంచి.

"తాళంచెవి మిల్లులో ఉందండీ."

"వెళ్లి తెచ్చుకో!"

"ఇవాళ మిల్లు సెలవండీ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా," అంది నాయనమ్మ, గోడ తుడుస్తూ.

గంట మళ్లీ మోగింది. మూలన పిచ్చుక రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంది. తల్లికి దుఃఖం పొంగుకొచ్చింది. "చూశారా! ఉన్న ఆశ కూడా పోగొట్టారు. ఇక అది బడి గడప తొక్కదు."

తండ్రి తాళాన్ని ఊరికే గుంజి చూశాడు. తల్లి మాత్రం కూతుర్నే చూస్తోంది. పిచ్చుక చేతులు దించింది, పుస్తకం తీసింది, ఒక పేజీ తిప్పింది. కాసేపటికి పుస్తకం పక్కన పెట్టి, నింపాదిగా చెవులు మూసుకుంది. అప్పుడు మోగింది గంట.

"ముందే ఎలా తెలుస్తోందే నీకు?"

"పెట్టెలో టిక్ అంటుంది. అయిదు లెక్కపెడితే మోగుతుంది. మీకు వినబడదా?"

ఆ గంటను తండ్రి ఇరవయ్యేళ్లు బాగుచేశాడు. ఏనాడూ ఏ టిక్కూ వినలేదు. దర్జీ, పోస్టుమాస్టరుతో సహా అయిదుగురూ పెట్టెకు చెవులు ఆనించారు. ఊపిరి బిగబట్టారు. చాలాసేపటికి, చీమ పంచదార పలుకు కొరికినంత సన్నగా వినిపించింది, టిక్.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గదికి అవతలి మూలనుంచి ఈ పిల్ల దీన్ని విన్నదా! ఆ విస్మయంలో అయిదు లెక్కపెట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. చెవులు పెట్టెకు ఆనించి ఉండగానే గంట మోగింది.

ఆ తర్వాత అందరూ పిచ్చుక చేతులనే చూస్తూ కూర్చున్నారు; దర్జీ తన పని కూడా పైకే తెచ్చుకున్నాడు. అవి లేవగానే దర్జీ కత్తెర కింద పెట్టేవాడు, నాయనమ్మ గ్లాసు దించేది. సాయంత్రానికి బ్యాటరీ అయిపోయేదాకా ఒక్క చుక్క టీ ఒలకలేదు.

బడి తెరిచిన రోజు తల్లి కూతురి వెంటే వెళ్లింది. అక్కడ పెట్టె లేదు, అటెండరు స్విచ్చి నొక్కుతాడు. మరి టిక్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆమె పొద్దుటినుంచి గేటు బయటే నిలబడింది. ఎనిమిదిసార్లు గంట మోగింది. ఎనిమిదిసార్లూ ఆమే ఉలిక్కిపడింది.

పిచ్చుక అందరితోపాటు నడుచుకుంటూ బయటికొచ్చింది. "అమ్మా, ఉల్లిపొర నిండా గదులే! ఇటుకలు పేర్చినట్టు!"

"గంట సంగతేంటే? టిక్ ఉందా?"

"లేదు. నొక్కేముందు అటెండరు తాత దగ్గుతాడు. తర్వాత మూడు."

తండ్రి ఆ సాయంత్రమే హెడ్మాస్టరుకు ఉత్తరం రాశాడు, దయచేసి అటెండరుగారికి ఎవరూ దగ్గుమందు ఇవ్వొద్దని.