కుచ్చిళ్లలో అక్షరమాల

ఆ శనివారం పొద్దున్న ప్రసన్నకుమారి టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మ్యాటీ గుడ్డ మీద ఏడాదిగా క్రాస్‌స్టిచ్‌తో కుడుతున్న అక్షరమాలలో మిగిలిన ఒక్క ‘ఱ’ పూర్తిచేసి, పదింటికల్లా అమలాపురం కుట్లపోటీలో అప్పగించాలి. అక్కడ ఏటా మొదటి బహుమతి కనకమహాలక్ష్మిగారిది, రెండోది ప్రసన్నకుమారిది. ఈసారి మొదటిది కొట్టాల్సిందే. ఫొటో తీస్తారు కదా అని పట్టుచీర కూడా కట్టేసుకుంది.

ఈ రోజుల్లో ఎవరూ రాయని ‘ఱ’ను వదిలేస్తే ఏ గొడవా లేకపోయేది. అల్లవరం బడిలో అక్షరాలు దిద్దించే మనిషి వదులుతుందా? గుడ్డ ఒళ్లో పరుచుకుని, భర్త సూరిబాబుని దులిపేస్తూ చకచకా కుట్టేసింది. లేచి నిలబడేసరికి అక్షరమాల కూడా ఆవిడతోపాటే లేచింది. చీర కుచ్చిళ్లన్నీ ‘ఱ’ కుట్లలో కలిసిపోయాయి.

“కత్తిరించేద్దామా?” అన్నాడు సూరిబాబు.

“చీరనాండీ, అక్షరాన్నాండీ?”

వాకిట్లో ఆటో నడిపే దానం హారను కొడుతున్నాడు. దారిలో విప్పుకోవచ్చులే అని, పైన తువ్వాలు కప్పుకుని, చిన్న చిన్న అడుగులేసుకుంటూ వెళ్లి ఎక్కింది. కానీ ఆవిడ కుట్టులో ముడి ఉండదు. దారం కొసలు వెనక కుట్ల కిందే దాచేస్తుంది. కొస దొరికితే కదా విప్పడానికి! తన పనితనం మీద తనకే ఒళ్లు మండి, తువ్వాలు కింద చేతులు పెట్టి, వంగిపోయి వెతుకుతోంది.

ఊళ్లో ఎవరికి తుమ్మొచ్చినా వైద్యం చెప్పే ఎలీసమ్మ అదే ఆటోలో పక్కనే ఉంది.

“అలా ముడుచుకుపోయేరేంటండీ? కడుపులో నొప్పా?”

“అబ్బే, ఏం లేదండీ.”

“మా ఆడపడుచూ ఇలాగే ఏం లేదందండీ. మర్నాడే ఆపరేషను చేసేరు. దానం, ఆస్పత్రికి పోనీ!”

“ఆయ్,” అని దానం బండి తిప్పేశాడు. మగవాడి ముందు కుచ్చిళ్ల సంగతి చెప్పడానికి ప్రసన్నకుమారికి నోరు రాలేదు. ఎలీసమ్మ సూరిబాబుకి ఫోను చేసింది. సూరిబాబు కంగారుపడి పోటీవాళ్లకి చేశాడు. అక్కడికి చేరేసరికి వార్తలో మనిషిని ఆపరేషను గదిలోకి తీసుకెళ్లిపోయారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తువ్వాలు తీసి, ‘అ’ నుంచి మొదలెట్టి చివరిదాకా చదివింది.

“నొప్పి ఎక్కడమ్మా?”

“ఱ దగ్గరండీ,” అంది ప్రసన్నకుమారి కళ్లనీళ్లతో.

అంతలో తలుపు తోసుకుని కనకమహాలక్ష్మిగారు వచ్చారు. పోటీ గుమ్మంలోంచే, ఇంకా అప్పగించని తన కుట్టు ఫ్రేముతో సహా పరుగెత్తుకొచ్చారు. ఈవిడ కంట పడేకంటే ఆపరేషనే నయమనుకుంది ప్రసన్నకుమారి. కనకమహాలక్ష్మిగారు మాత్రం నవ్వలేదు. సంచీలోంచి సూది తీసి, కింద కూర్చుని, ఓపిగ్గా కొస పట్టుకుని విప్పేశారు. గుడ్డ తిరగేసి చాలాసేపు చూశారు.

“వెనకవైపు కూడా ఇంత శుభ్రమాండీ! ఇన్నేళ్లూ నేను ఫ్రేముకి అట్ట ఎందుకు బిగిస్తున్నాననుకున్నారు? నా వెనకవైపు చూస్తే జడ్జీలు పారిపోతారు. ఫస్టు మీదేనండీ, ఎప్పుడో మీకు రావాల్సింది.”

ప్రసన్నకుమారికి దుఃఖమూ సంతోషమూ కలిసి వచ్చేశాయి. ఏడాది కష్టం తీరిపోయిందనిపించింది. తరవాత ఇద్దరూ ఒకేసారి గోడగడియారం వైపు చూశారు. పది ఎప్పుడో దాటిపోయింది.

ఆ ఏడు అమలాపురంలో మొదటి బహుమతి ఎవరో అచ్చమ్మగారు కుట్టిన, కాళ్లు తుడుచుకునే పట్టాకి వచ్చింది. న్యాయనిర్ణేతలు చాలా ఆలోచించి ఇచ్చారట.