టైర్లకి రెండు వేళ్ళ వదులు

శనివారం పొద్దున్న కటింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కారు టైర్ల కొలత తీయడం, అది బావమరిదికి ఫోన్లో చెప్పడం, మధ్యాహ్నానికల్లా కొత్త టైర్లు వేయించుకుని, భోంచేసి ఓ కునుకు తీయడం. ఇందులో అనుకున్నట్టు జరిగింది కాఫీ ఒక్కటే. అది కూడా సగం తాగేసరికి చల్లారిపోయింది.

ఆయనది బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణం. ముప్పై ఏళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి. ఆ చుట్టుపక్కల పెరిగిన ప్రతి పిల్లాడి నడుమూ ఆయనకి గుర్తే, పేర్లే గుర్తుండవు. అలాంటి మనిషికి యాభై రెండో ఏట ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు మీద మనసు పడింది. కొత్తదేం కాదు, పన్నెండేళ్ళది, ముగ్గురి చేతులు మారి వచ్చింది. ఇద్దరే కూర్చోవాలి. డిక్కీలో నిక్కర్ల మూట పెడితే చొక్కాల మూట ఒళ్ళో పెట్టుకోవాలి.

ఆ మూటలు రోజూ బడులకి చేర్చేది ఆయన భార్య. దుకాణం వ్యాను ఆవిడే నడుపుతుంది. రెండు వైపులా స్కూటర్లు పెట్టిన సందులో వ్యాన్ని వెనక్కి నడుపుతూ, మధ్యలో కూరగాయల బేరం కూడా ఆడగలదు. వ్యాను ముసలిదైపోయింది, ఈ ఎర్రదాన్ని అమ్మేసి కొత్త వ్యాను కొందామని ఆవిడ పోరు. కారు కొంటానని పై అంతస్తు పళ్ళ డాక్టరు సిద్ధంగా ఉన్నాడు, సోమవారం వస్తానన్నాడు కూడా. కాదంటే ఈవిడతో పేచీ, ఔనంటే ప్రాణం పోయినంత పని. చివరికి మొగుడూ పెళ్ళాలు ఓ ఒప్పందానికి వచ్చారు. ఊరి బయట ఒక రేసు ట్రాకు ఉంది. ఏడాదికోసారి మామూలు జనం కూడా తమ కార్లు తెచ్చి అక్కడ తిప్పుకోవచ్చు. ఆ రోజు రేపే.

"మూడు చుట్లు ఏ గొడవా లేకుండా కారు తిరిగిందా, మన ఇంట్లోనే ఉంటుంది," అంది ఆవిడ. "తిరగలేదా, సోమవారం డాక్టరుగారికి తాళాలు."

"మూడేం ఖర్మ, ముప్పై తిప్పుతాను."

"మూడు చాలండి. ముప్పై తిరిగితే మీకే కళ్ళు తిరుగుతాయి."

ట్రాకు మీద తిప్పాలంటే మెత్తటి రబ్బరు టైర్లు కావాలి. వేడెక్కిన కొద్దీ అవి నేలని జిగురులా పట్టుకుంటాయి. బావమరిదికి టైర్ల దుకాణమే ఉంది కాబట్టి ఆ చింత లేదు. మాస్టారు ఫోను చేశారు.

"బావా, టైరు పక్కనే సైజు అచ్చేసి ఉంటుంది. మూడు అంకెలు. చదివి చెప్పెయ్. ముందువి వేరు, వెనకవి వేరు, చూసుకో."

"ఎవడో రాసిన కొలతతో నేను కత్తెర పెట్టను రా."

"ఇందులో కత్తెరెందుకు బావా?"

"మాటవరసకన్నాను."

అది మాటవరస కాదు, ఆ దుకాణంలో శాసనం. వెనకటికి ఒకాయన కాగితం మీద రాసిచ్చిన కొలతతో కోటు కుడితే, అది ఆయన తమ్ముడికి అతికినట్టు సరిపోయింది. కోటు తమ్ముడు తీసుకుపోయాడు, నింద మాస్టారికి మిగిలింది. ఆనాటి నుంచి ఆయన తన చేత్తో తీసిన కొలతే కొలత. అయినా మొహమాటానికి వంగి టైరు మీద అంకెలు చదివారు. మొదటిది మిల్లీమీటర్లట, రెండోది శాతమట, మూడోది అంగుళాలట. ఛాతీ మిల్లీమీటర్లలో, చెయ్యి శాతంలో, మెడ అంగుళాల్లో రాసే దర్జీని ఎవరైనా గడప తొక్కనిస్తారా? మాస్టారు జేబులోంచి టేపు తీశారు.

ముందు టైరు వెడల్పు ఎనిమిది అంగుళాలు. వెనకది తొమ్మిది. "తుంటి కాస్త బరువే," అనుకున్నారు.

ఇక్కడ ఆ దుకాణం పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. మాస్టారు ఒంటి కొలత ఒంటి కొలతగానే పైకి చదువుతారు. ఆవిడ పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు రెండు వేళ్ళ వదులు, అంటే ఆ దుకాణం లెక్కలో అర అంగుళం, కలిపి రాస్తుంది. ఎదిగే పిల్లలు కదా. ముప్పై ఏళ్ళుగా ఒకరు చదవడం, ఒకరు కలపడం. ఈ విషయం వాళ్ళిద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు, ఊపిరి తీసుకోవడం గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

మాస్టారు ఆలోచించారు. టైరు కూడా వేడెక్కితే ఉబ్బే వస్తువే, వదులు ఉండాలి. పాపం ఆవిడకి టైర్ల సంగతేం తెలుసు, కలపదు. అందుకని తానే కలిపి, "ముందువి ఎనిమిదిన్నర, వెనకవి తొమ్మిదిన్నర," అని కేకేశారు. ఆవిడ లోపల పుస్తకంలో తొమ్మిది, పది అని రాసుకుని తమ్ముడికి ఫోనులో చదివి వినిపించింది.

"అక్కా, ఇవి బావ తీసిన కొలతలేనా?"

"ఆయనే తీశారు."

"తొమ్మిదికి సరిగ్గా టైరు రాదే. ఆ పై సైజు ఉంది."

"ఉంటే ఇయ్యరా. కాస్త పెద్దదైతే ఏం, బిగుతైతేనే చిక్కు."

అవి పెద్దవని బావమరిదికి తెలుసు. రిమ్ముకి ఎక్కుతాయనీ తెలుసు, కారుకి పట్టవనీ తెలుసు. కానీ బావతో కొలతల గురించి వాదించడం కంటే గోడతో వాదించడం నయం, గోడ కనీసం పాత కథలు చెప్పదు. నాలుగు టైర్లూ బిగించి, పాతవి నాలుగూ ఓ మూలన జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

కొత్త టైర్లతో కారు, సన్నటి మనిషి వాళ్ళ నాన్న బూట్లు తొడుక్కున్నట్టు తయారైంది. తిన్నగా పోయినంతసేపూ బాగానే పోయింది. ఇంటి గేటు దగ్గర స్టీరింగు తిప్పేసరికి చక్రం లోపల ఎక్కడో ఒరుసుకుని గర్రుమంది. మాస్టారు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం పైభాగంలోకి తొంగి చూశారు.

"చంక పట్టేసింది," అన్నారు.

"టైరు పెద్దదయిందేమో," అంది భార్య.

"నా కొలత తప్పదు. చంకే బిగుతు."

చక్రం పైన లోపలి వైపు నల్లటి ప్లాస్టిక్ రేకు ఒకటి, అచ్చం కోటుకి అస్తరులా ఉంటుంది. అదే టైరుకి ఒరుసుకుంటోంది. మాస్టారు లోపలికెళ్ళి బట్టలు కోసే పెద్ద కత్తెర తెచ్చారు.

"ఏమండీ, బట్ట బిగుతైతే బట్ట విప్పుకోవాలి గానీ మనిషిని కోస్తారా?"

"అస్తరు రెండు వేళ్ళు తీస్తే సర్దుకుంటుంది. నువ్వు ఆ మూల పట్టుకో."

"నేను పట్టుకోను. ఎల్లుండి డాక్టరుగారు అడిగితే ఈ పాపంలో నాకు చెయ్యి లేదని చెప్పాలి కదా."

కత్తెర వేసిన చోట అస్తరు సాఫీగానే తెగింది. అస్తరు వెనకాల హారను తీగ కూడా ఉంటుందని ఏ దర్జీకి తెలుస్తుంది? తీగ తెగలేదు, దాని పై తొడుగు గీరుకుపోయింది. ఇక స్టీరింగు ఎడమకి తిప్పితే చాలు, టైరు వెళ్ళి ఆ తీగని ఇనుముకి అదుముతోంది, హారను మోగుతోంది. మలుపు ఎంతసేపో మోత అంతసేపు. కుడికి తిప్పితే మాత్రం కారు మహా మర్యాదగా ఉంటోంది.

ఇది ఆయనకి మొదటి మలుపులోనే తెలిసింది. టీ కొట్టు ముందు ఎడమకి తిరగ్గానే హారను మోగింది. కొట్టాయన తననే పిలుస్తున్నారనుకుని ఓ టీ పట్టుకొచ్చాడు. వద్దంటే బాగుండదని మాస్టారు తాగారు. రెండో మలుపులో ముందున్న పెద్దాయన ఉలిక్కిపడి సైకిలు దిగి, "వెళ్ళు నాయనా, వెళ్ళు, ఎవరికేమైందో ఏమో," అని దారిచ్చాడు. మూడో మలుపులో బడి బస్సు డ్రైవరు తలుపు తీసి మరీ తిట్టాడు. నాలుగో మలుపుకి మాస్టారికి జ్ఞానోదయమైంది. ఎడమకి పోవాలంటే ఎడమకే తిరగనక్కర్లేదు, మూడుసార్లు కుడికి తిరిగినా అక్కడికే చేరతాం. ఆ లెక్కన పావుగంట దారి గంటన్నర పట్టింది.

"ఎంతదూరం వెళ్ళొచ్చారు?" అంది భార్య గేటు తీస్తూ.

"టీ కొట్టు దాకా."

ఆదివారం పొద్దున్నే బయలుదేరారు. ముందు ఎర్ర కారులో మాస్టారు, పక్కన ఆవిడ. వెనకాల పనిముట్లు వేసుకుని చిన్న ట్రక్కులో బావమరిది. ప్రతి కూడలిలోనూ ఎర్ర కారు మూడు కుడి మలుపులు తిరుగుతుంటే, ట్రక్కు కూడా దాని వెనకాలే తిరిగింది. ఇదేదో ఊరేగింపు అనుకుని ఒక ఆటో కూడా కొంతదూరం కలిసి తిరిగింది.

ట్రాకు దగ్గర తెల్ల చొక్కా వేసుకున్న తనిఖీ పెద్దమనిషి ఒకాయన కార్లన్నీ చూస్తున్నాడు. మాస్టారు ముందు ట్రాకు పటం వైపు చూశారు. ఒక్క మలుపు తప్ప అన్నీ ఎడమకే.

తనిఖీ ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు ఎడమకి తిప్పాడు. హారను మోగింది. కుడికి తిప్పాడు, ఆగింది. మళ్ళీ ఎడమకి తిప్పాడు.

"ఇదేంటండీ?"

"మలుపొస్తోందని ముందే చెబుతుంది," అన్నారు మాస్టారు.

ఆయన వంగి చక్రం లోపలికి లైటు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఈ ప్లాస్టిక్ ఎవరు కోశారు? కోత మాత్రం ఎంత నీటుగా ఉందండీ." మాస్టారి మొహం వెలిగింది. "టైర్లు మాత్రం ఈ కారువి కావు. వీటితో పంపలేను."

వెలిగిన మొహం అక్కడే ఆరిపోయింది. ఆవిడ బ్యాగులోంచి ఫోను తీసింది. డాక్టరుగారికేనని మాస్టారికి అర్థమైంది. ఆయన కారు బానెట్టు మీద చెయ్యి వేసి, వదల్లేక వదల్లేక నిలబడ్డారు. అది చూసి బావమరిది ట్రక్కు మీద పరదా తొలగించాడు. పాత టైర్లు నాలుగూ వరసగా ఉన్నాయి.

"నా కొలత తప్పని నిన్ననే ఎందుకు చెప్పలేదురా?"

"తప్పని నేను అనలేదు బావా. దారిలో పనికొస్తాయని తెచ్చుకున్నాను, అంతే."

ముగ్గురూ కలిసి అరగంటలో మార్చేశారు. ఆవిడ హారను తీగకి నల్ల టేపు చుట్టింది. ఇవి మామూలు టైర్లే, ట్రాకు టైర్లు కావు కదా అని మాస్టారు నసిగితే, "పట్టని గొప్పదాని కంటే పట్టే మామూలుదే మేలండీ, మెల్లగా తిప్పుకోండి," అన్నాడు తనిఖీ ఆయన. తర్వాత హెల్మెట్టు పెట్టుకోమన్నాడు.

మాస్టారు తన వెంట తెచ్చుకున్నది పెట్టుకున్నారు. తనిఖీ ఆయన దాన్ని పట్టుకుని ఇటు తిప్పాడు. హెల్మెట్టు తిరిగింది, తల తిరగలేదు.

"ఇది ఎవరి కొలతండీ?"

"నాదే. రెండు వేళ్ళు వదులు చూసి కొన్నాను."

"కుదరదు. తలకి బిగుతుగా ఉండాలి. అద్దెవన్నీ అయిపోయాయి."

"అంత వదులేం లేదండీ, చూడండి," అని ఆవిడ మొగుణ్ణి వెనకేసుకొచ్చి, జడ చుట్టచుట్టి ఆ హెల్మెట్టు తనే పెట్టుకుంది. తనిఖీ ఆయన కుదిపి చూశాడు. బొత్తిగా కదల్లేదు.

"ఇది మీ కొలత. డ్రైవింగు వచ్చా?"

"వ్యాను నడుపుతాను."

మాస్టారు ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "నువ్వే తిప్పు. కారు తిరగాలనుకున్నాం గానీ ఎవరు తిప్పాలో అనుకోలేదు కదా. మూడంటే మూడే చుట్లు."

"నాకెందుకండీ ఇదంతా."

"ఆ డాక్టరు దీన్ని క్లినిక్కు ముందు నిలబెడతాడు. ఎండలో."

ఆ మాట అన్నప్పుడు ఆయన ఆవిడ మొహం చూడలేదు, కారు వంకే చూశారు. ఆవిడ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

మొదటి చుట్టు బడి పిల్లల మూటలున్నట్టే నడిపింది. రెండో చుట్టులో మూటలు లేవని గుర్తొచ్చినట్టుంది. మూడో చుట్టు అయ్యాక మాస్టారు గోడ పక్కన నిలబడి సంతోషంగా చెయ్యి ఊపారు. ఎర్ర కారు ఆయన ముందు నుంచి దూసుకుపోయింది. నాలుగు, ఐదు, ఆరు. బావమరిది లెక్కపెట్టడం మానేసి టీ తెచ్చుకున్నాడు. పదకొండో చుట్టులో జెండా ఊపి ఆపాల్సి వచ్చింది. హెల్మెట్టు తీసేసరికి ఆవిడ మొహం పాతికేళ్ళ వెనక్కి వెళ్ళినట్టు ఉంది.

"వాళ్ళెందుకండీ ఆపారు?" అంది.

సోమవారం పొద్దున్న డాక్టరు నవ్వుతూ వచ్చాడు. అమ్మకానికి లేదని ఆవిడే గుమ్మంలో చెప్పేసింది. మాస్టారు మొత్తానికి ఒప్పించారన్నమాట అని డాక్టరు అంటే, "ఆయన కాదండీ, కారు ఒప్పించింది," అంది.

కారు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఆవిడ మాస్టారిని కూడా ఎక్కించుకుంటుంది, పక్క సీట్లో, మాట్లాడకూడదన్న షరతు మీద.