వెర్ల్ కట్టిన పొయ్యి

శనివారం పొద్దున్న నిద్ర లేస్తూనే లరూ హాడ్లాక్ ఆ రోజు జరగబోయేవన్నీ ఊహించేసుకుంది. మధ్యాహ్నం కాబోయే వియ్యపురాలు ఆర్డిత్ స్టాడర్డ్ భోజనానికి వస్తుంది. ఆమెకి గొంతులో ఎముక అడ్డుపడుతుంది. లేదా వరండా మెట్టు విరిగి కాలు మడతపడుతుంది. అవేవీ జరక్కపోతే మొగుడు వెర్ల్ నోరు విప్పుతాడు. వీటన్నిటిలోకీ ఆఖరిదే ప్రాణాంతకమని లరూ అనుభవం.

సేగో బెంచ్ ఊరికి ఉత్తరాన కనుచూపు మేర ఉన్నదంతా ప్రభుత్వ భూమే. దాని కొండల్లో ఉన్నది షేల్, అంటే కడుపులో పెట్రోలు లాంటి నూనె దాచుకున్న రాయి. వెర్ల్ కుర్రతనం నుంచీ ఏదో ఒక కంపెనీ రావడం, ఆ నూనె పిండి ఊరిని బంగారం చేస్తామనడం, పిండలేక సామాను సర్దుకుని పోవడం మామూలే. అలాంటి ఒక కంపెనీలో వెర్ల్ నీళ్ళ లారీ నడిపాడు. కంపెనీ మూతపడిన రోజున లారీ తాళం ఎవరికివ్వాలో తెలియక సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడ్డాడు. అయినా అతనికి నమ్మకం చావలేదు. ఇప్పుడు మళ్ళీ ఒక కంపెనీ ఆ భూమి అడుగుతోంది. ఇంకొకరు వచ్చి అదే భూమిలో సోలార్ పలకలు పరుస్తామంటున్నారు. ఆర్డిత్ గొర్రెలు మేసేది అక్కడే. పలకలైతే వాటి నీడన గొర్రెలు మేస్తాయి, తవ్వకమైతే గడ్డీ నీళ్ళూ రెండూ పోతాయని ఆమె పట్టు.

కిందటేడు బడి జిమ్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సభలో వెర్ల్ లేచి, "ఆర్డిత్ కంటే ఆవిడ గొర్రెలు నయం. అవి మైకు పట్టుకోవు" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆర్డిత్ నవ్వలేదు. నీ గడప తొక్కితే ఒట్టని చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాట ఇంకా చల్లారకముందే ఆర్డిత్ కొడుకు కార్బిన్, వెర్ల్ కూతురు జనీల్ చేతులు పట్టుకుని వచ్చి పెళ్ళి చేసుకుంటామన్నారు.

"మీరంతా ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక్క పూట తిని చూపించండమ్మా," అంది జనీల్. "చేతకాదంటే చెప్పండి. మేం లాస్ వేగస్ పోతాం. అక్కడ కారు దిగక్కర్లేకుండా కిటికీలోంచే పెళ్ళి చేసేస్తారంట."

ఆ కిటికీ లరూ కళ్ళముందు నుంచి పోలేదు. చర్చి లేదు, చుట్టాలు లేరు, హాంబర్గర్ కొనుక్కున్నట్టు పెళ్ళి. అందుకే ఎన్నోసార్లు ఫోన్లు చేసి, బతిమాలి, ఆర్డిత్‌ని భోజనానికి ఒప్పించింది. తీరా చూస్తే ఆ సాయంత్రమే జిమ్‌లో రెండో సభ అని కబురొచ్చింది.

"వెర్ల్, విను," అంది లరూ, జనీల్ కూడా వినేలాగా. "షేల్ అన్న మాట, సోలార్ అన్న మాట ఇవాళ ఈ ఇంట్లో వినపడకూడదు. గొర్రెలన్న మాట కూడా."

"మరి ఏం మాట్లాడమంటావ్?"

"వాతావరణం."

"ఎండ బాగా కాస్తోందంటే సోలార్ మాట్లాడినట్టే కదా?"

"అయితే నోరు మూసుకుని తిను."

వెర్ల్ నవ్వుకుంటూ పెరట్లోకి పోయాడు. వేటలో కొట్టి దాచిన దుప్పి తొడని కాల్చడానికి కొత్త పొయ్యి కడుతున్నాడు. లరూ వెళ్ళి చూస్తే, గోధుమరంగు, నీలిరంగు చారలతో ముచ్చటగా ఉన్న రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి.

"ఇవి షేల్ రాళ్ళు కాదూ?"

"నువ్వే ఆ మాట అన్నావ్, నేను కాదు."

"ఎక్కడివి?"

"కొండ మీద నుంచి పికప్‌లో వేసుకొచ్చా. ప్రభుత్వ భూమంటే మన భూమేగా."

"వెర్ల్, అంటుకుంటాయేమో!"

వెర్ల్ జాలిగా చూశాడు. "అంటుకోవడమా? ఎన్ని కంపెనీలొచ్చాయి, ఎంతమంది ఇంజినీర్లొచ్చారు. కోట్లకి కోట్ల డాలర్లు తగలేసి ఆ రాళ్ళలోంచి చుక్క నూనె రాబట్టలేకపోయారు. నీ వంటింటి అగ్గిపుల్ల రాబడుతుందా? పో, పోయి బంగాళాదుంపల సంగతి చూడు."

బంగాళాదుంపల సంగతీ బాగాలేదు. చీజ్, మీగడ వేసి ట్రేలో కాల్చే ఆ వంటకాన్ని ఊళ్ళో చావింటికి తీసుకెళతారు. దాని పేరే చావింటి బంగాళాదుంపలు. రుచికి సాటి లేదు కాబట్టి పెళ్ళిమాటలకీ అదే వండింది, కానీ ట్రే ఓవెన్లో పెడుతూ ఆ పేరు ఇవాళ ఎవరూ ఎత్తకూడదని కోరుకుంది.

ఆర్డిత్ సరిగ్గా అన్న వేళకి వచ్చింది. చేతిలో పచ్చ జెల్లీ గిన్నె, పక్కన కొడుకు. కార్బిన్ నడుముకి ఎప్పటిలాగే అగ్నిమాపక దళం వాళ్ళ పేజర్ ఉంది. ఊళ్ళో జీతం పుచ్చుకునే అగ్నిమాపక సిబ్బంది లేరు. గొర్రెలు కాసేవాళ్ళూ లారీలు నడిపేవాళ్ళే పేజర్ మోగితే పరిగెత్తుతారు. ఆర్డిత్ వరండా మెట్లెక్కింది. మెట్టు విరగలేదు. లరూ మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

"రండి సిస్టర్ స్టాడర్డ్. జెల్లీ ఎంత బాగా కుదిరిందో!" అంది లరూ, చర్చి వరసలో పిలుస్తూ.

"కుదరకేం? చల్లగా ఉన్నచోట కుదురుతుంది," అంది ఆర్డిత్ వెర్ల్ వైపు చూస్తూ.

"గాలి లేదివాళ," అన్నాడు వెర్ల్. లరూ తుళ్ళిపడింది. గాలి అంటే గాలిమరలు, గాలిమరలంటే కరెంటు. అయితే ఆర్డిత్, "అవును, ఉక్కగా ఉంది," అని ఊరుకుంది. అందరూ ప్రార్థన చేసి కూర్చున్నారు. దుప్పి తొడ పెరట్లో పొయ్యి మీద కాలుతూ ఉంది.

కాసేపటికి ఇల్లంతా వాసన మొదలైంది. రోడ్డు వేసేటప్పుడు తారు కాచే వాసన. అందరి ముక్కులకీ తగిలింది, ఎవరూ నోరెత్తలేదు. నిషేధం అలాంటిది. జనీల్ తండ్రి వంక చూసింది. వెర్ల్ జెల్లీ వంక చూశాడు. ఆర్డిత్ పెదాలు బిగుసుకున్నాయి. తన ముక్కు కిందనే షేల్ కాల్చి చూపించడానికి పిలిచాడనుకుంది.

లరూ ఆలోచన మాత్రం నేరుగా ఇంటికప్పు మీదికి పోయింది. జనీల్ ఉద్యోగమే సోలార్ పలకలు బిగించడం. కిందటి నెల తండ్రి సణుగుతున్నా వినకుండా సొంతింటి కప్పు మీదా బిగించి, గరాజ్‌లో ఓ బ్యాటరీ పెట్టింది. అవి ఏదో ఒకరోజు అంటుకుంటాయని లరూ ఆ రోజే అనుకుంది. ఇవాళే ఆ రోజు. కానీ బల్ల దగ్గర సోలార్ అన్న మాట ఎత్తకూడదని చట్టం చేసింది తానే. మెల్లిగా వంటింట్లోకి పోయి ఎదురింటి నెడ్రాకి ఫోన్ చేసి గుసగుసలాడింది.

"నెడ్రా, కాస్త కిటికీలోంచి మా కప్పు వంక చూసి చెప్తావా? సోలార్ పలకలు బాగానే ఉన్నాయా?"

నెడ్రా చూసింది. కప్పు వెనకనుంచి నల్లటి పొగ స్తంభంలా లేస్తోంది. "అమ్మో, లరూ! బయటికి రండి!" అని ఫోన్ పెట్టేసి వెంటనే అగ్నిమాపక దళానికి చేసింది.

భోజనాల బల్ల దగ్గర కార్బిన్ నడుము కూసింది. పేజర్లోంచి ఓ ఆడగొంతు స్పష్టంగా పలికింది: "హాడ్లాక్ గారి ఇంటికి నిప్పంటుకుంది. అందరూ బయల్దేరండి."

కార్బిన్ చెంచా కింద పెట్టాడు. లేచాడు. అలవాటైన కాళ్ళు ఆలోచన కోసం ఆగలేదు. వీధి తలుపు తీసుకుని, పికప్ ఎక్కి, ఫైరింజన్ షెడ్డు వైపు దూసుకుపోయాడు.

"నిప్పు ఇక్కడైతే పెళ్ళికొడుకు అటు పారిపోతాడేంటే!" అని లరూ కెవ్వుమంది.

"ఫైరింజన్ తేవడానికమ్మా!" అని జనీల్ తండ్రి వెనకే పెరట్లోకి ఉరికింది.

లరూ ఇలాంటి రోజు కోసం ఏళ్ళ తరబడి సిద్ధంగా ఉంది. పెళ్ళి ఫోటోలు, జనన పత్రాలు ఎప్పుడూ కారు డిక్కీలోనే ఉంటాయి. తీరా ఆ క్షణం వచ్చేసరికి ఆమె చేతుల్లో ఉన్నది చావింటి బంగాళాదుంపల ట్రే. దాన్నే పట్టుకుని బయటికొచ్చింది.

కప్పు మీద పలకలు ఎండలో హాయిగా మెరుస్తున్నాయి. మండుతున్నది పొయ్యి. పొయ్యిలో కట్టెలు కాదు, పొయ్యే. రాయి తర్వాత రాయి అంటుకుని, చిటచిటమని, నల్లటి జిడ్డు కారుస్తోంది. మధ్యలో దుప్పి తొడ బొగ్గయింది. పక్కన వెర్ల్ రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడ్డాడు. అతని మొహంలో భయం సగమే. మిగతా సగం, ఎన్నాళ్ళకో దేవుడు కనపడ్డవాడి మొహం.

"లరూ... మండుతోందే! నిజంగానే మండుతోంది!"

"కంచె అంటుకుంటోంది చూడవయ్యా!"

ఈలోగా జిమ్‌లో కుర్చీలు వేస్తున్న జనం పేజర్లూ మోగాయి. వెర్ల్ ఇంట్లో సోలార్ పలకలు పేలిపోయాయని షేల్ వాళ్ళు, కూతురు బిగించిన పలకలకి వెర్లే నిప్పు పెట్టాడని సోలార్ వాళ్ళు చెప్పుకుంటూ, నినాదాలు రాసిన అట్టబోర్డులు పట్టుకున్నవి పట్టుకున్నట్టే పికప్‌లెక్కి వచ్చేశారు. సభ నడపడానికి వచ్చిన ప్రభుత్వ భూముల అధికారి లిండ్‌క్విస్ట్, ఖాళీ జిమ్‌లో ఒక్కడూ ఏం చేస్తాడు, ఆయనా వచ్చాడు.

కార్బిన్ ఫైరింజన్‌తో వచ్చాడు. వస్తూనే నియమం ప్రకారం స్తంభం దగ్గర ఇంటికి కరెంటు తీయించాడు. ఆ నియమంతో బావి పంపూ ఆగింది. ఫైరింజన్‌లో ఉన్న నీళ్ళు కంచె ఆర్పడానికే అయిపోయాయి. పొయ్యి మాత్రం దర్జాగా మండుతూనే ఉంది. లరూకి ఇల్లు, నెడ్రా ఇల్లు, చర్చి, ఊరు వరసగా తగలబడడం కనిపించింది.

"నాన్నా, ఆ గొట్టం పట్టుకో!" అని జనీల్ గరాజ్‌లోకి పరిగెత్తి, బ్యాటరీ మీటని పంపుకి తిప్పింది. గొట్టం పాములా లేచింది. వెర్ల్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, తాను తలెత్తి చూడనని ఒట్టేసుకున్న పలకల కరెంటుతో, తాను జీవితమంతా పొగిడిన రాళ్ళని ఆర్పాడు.

పొగ తగ్గింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. జనం ఊపిరి పీల్చుకుని వెంటనే వాదన మొదలెట్టారు.

"చూశారా, మండుతుందని చెప్పామా!"

"చూశాం, చూశాం. ఎన్ని నీళ్ళు తాగిందో కూడా చూశాం!"

లిండ్‌క్విస్ట్ వంగి ఒక రాయిని బూటు కొసతో కదిపాడు. "మిస్టర్ హాడ్లాక్, ఇవి ఎక్కడివి?"

వెర్ల్ గొట్టం కింద పెట్టాడు. "కొండ మీదివి సార్."

"ప్రభుత్వ భూమి?"

"అవును సార్."

"ఇంటి అవసరానికి నాలుగు రాళ్ళు తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ భూమిలోంచి నూనె తీయాలంటే మాత్రం అనుమతి కావాలి. ఇవాళ సభ దానికోసమే కదా. ఇంతకీ మీరు తెచ్చింది ఏంటి, రాళ్ళా, నూనెనా?"

లరూకి జైలు కనిపించింది. ఖైదీ బట్టల్లో పెళ్ళికూతురి తండ్రి. దానికంటే వేగస్ కిటికీయే నయమనిపించింది. వెర్ల్ వెనక షేల్ వాళ్ళంతా బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. అందరి కళ్ళూ అతని మీదే. వెర్ల్ తన రాళ్ళ వంక చూశాడు, కూతురి వంక చూశాడు.

"ఉట్టి రాళ్ళే సార్. వీటిలో నూనె లేదు."

వెనక ఒక బోర్డు మెల్లిగా కిందికి దిగింది. అంతలో ఒక రాయి చిటపటమని, చిన్న మంటతో నల్లగా ఉమ్మింది.

లిండ్‌క్విస్ట్ ఆర్డిత్ వైపు తిరిగాడు. "మేడమ్, తవ్వకం వద్దంటున్నది మీరే కదా. మీకు ఎలా కనిపిస్తోంది?"

లరూ కళ్ళు మూసుకుంది. ట్రే గట్టిగా పట్టుకుంది. ఏడాదిగా ఆర్డిత్ ఎదురుచూసిన సమయం ఇదే. ఆర్డిత్ తొందరపడలేదు. వెర్ల్ మసి మొహం, తడిసిన జనీల్ జుట్టు, ఆ పిల్ల పక్కన ఫైరింజన్ టోపీతో నిలబడ్డ తన కొడుకు, అందర్నీ ఒకసారి చూసింది.

"ఇందులో నూనె ఏముంది సార్. దుప్పి కొవ్వు అది. వీడికి చిన్నప్పటి నుంచీ మాంసం కాల్చడం రాదు. మేం చదివిన బళ్ళో అందరికీ తెలుసు."

రెండు పక్షాలూ కలిసి నవ్వాయి. ఈసారి ఆర్డిత్ కూడా నవ్వింది. లిండ్‌క్విస్ట్ ఆ జిడ్డు వంక, ఆర్డిత్ వంక మార్చి మార్చి చూశాడు. తర్వాత లరూ చేతిలో ట్రే వంక చూశాడు. పాపం, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు.

"కొవ్వే అయి ఉంటుంది," అన్నాడు. "ఆ బంగాళాదుంపలు ఎవరైనా తింటున్నారా?"

లరూ మెట్టు మీద కూలబడింది. చాలా ఏళ్ళ తర్వాత ఆమెకి భయపడడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఖాళీ ఎంత హాయిగా ఉందంటే, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూ వడ్డించింది. ట్రే, జెల్లీ, ఇంట్లో ఉన్న బ్రెడ్డు అన్నీ పంచితే పెరడంతా తిన్నది. ఎవరికీ కడుపు నిండలేదు, ఎవరూ కదల్లేదు.

"పెళ్ళి మన చర్చిలోనే," అని ఆర్డిత్ ప్రకటించింది. "విందు మా పెరట్లో. వంట నాది. వెర్ల్, నువ్వు కుర్చీలు వేస్తే చాలు."

సాయంత్రం సభ జరిగింది. వెర్ల్ పేరు పిలిచినప్పుడు అతను లేచి, "నా అభిప్రాయం పెళ్ళయ్యాక చెప్తాను సార్," అని కూర్చున్నాడు. భూమి ఎవరికిచ్చేదీ తర్వాత తెలియజేస్తామని లిండ్‌క్విస్ట్ చెప్పి వెళ్ళాడు.

అంతకుముందు, ఇంటికి బయల్దేరేటప్పుడు, ఆర్డిత్ పొయ్యి దగ్గర ఆగి మండకుండా మిగిలిన ఒక చారల రాయిని ఏరి చేతిసంచిలో వేసుకుంది.

"అది ఎందుకు సిస్టర్?" అని లరూ కంగారుగా అడిగింది.

"మీ ఆయన మళ్ళీ మైకు పట్టుకుంటే చూపించడానికి."

ఆ రాయి ఇప్పటికీ ఆర్డిత్ ఇంట్లో ఉంది, పొయ్యికి దూరంగా.